సైకిల్ కొనేముందు: నెట్‌లో ఏం చదవాలి, షాపులో ఏం చూడాలి

"27.5టి, 21 స్పీడ్, డ్యూయల్ డిస్క్, ఫ్రంట్ సస్పెన్షన్, 18 అంగుళాల స్టీల్ ఫ్రేమ్, 85 శాతం అసెంబుల్డ్." సైకిల్ కొందామని ఫోన్‌లో వెతికితే ఇలాంటి వరసలు పదుల కొద్దీ కనిపిస్తాయి. పైన మంచి ఫొటో, పక్కన కొట్టేసిన పాత ధర, తగ్గించిన కొత్త ధర, కింద నక్షత్రాలు. చాలామంది ఇవే చూసి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. సైకిల్ సంగతి తెలిపే వివరమంతా మాత్రం ఎవరూ నిలబడి చదవని ఆ ఒక్క వరసలోనే ఉంటుంది. దాన్ని చదవడం వస్తే సగం పని ఇంట్లోనే అయిపోతుంది. మిగతా సగం సైకిల్ ఎక్కి కూర్చుంటే తప్ప తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మోడల్ ఎంచుకోవడానికి నెట్ మంచిది, కొనడానికి ఊళ్లో షాపు మంచిది. నెట్‌లో ఒక్క పూటలో ఇరవై మోడళ్ల కొలతలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. షాపులో నిలబడి ఒక్కోదాని వివరం అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది, పైగా అక్కడ ఉన్నవాటి గురించే చెబుతారు. అయితే ఆ సైకిల్ మీ ఒంటికి సరిపోతుందా, చక్రం వంకర లేకుండా తిరుగుతుందా, రేపు పాడైతే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు ఏ పేజీలోనూ జవాబు ఉండదు.

వెతకడం మొదలుపెట్టేముందు మీ దారి ఎలాంటిదో చూసుకోండి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నేల బల్లపరుపుగా ఉంటుంది. అక్కడ పొలానికో బడికో బజారుకో వెళ్లేవాళ్లకు గేర్ల అవసరం పెద్దగా లేదు. గట్టి క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు ఉన్న మామూలు సైకిలే హాయి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తులు రోజూ ఎక్కాలంటే గేర్లు ఉండాల్సిందే. అదే నగరంలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద పొద్దున్నే తొక్కాలనుకునేవాళ్లకు లావు టైర్ల మౌంటెన్ బైక్ బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. కాస్త సన్నటి టైర్ల హైబ్రిడ్ చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప రిమ్ములు, మామూలు పుల్లలు (స్పోకులు) త్వరగా తుప్పు పడతాయి. అక్కడ అల్లాయ్ రిమ్ములు, స్టెయిన్‌లెస్ పుల్లలు ఉన్నాయో లేదో ముందు చూడాలి. ఎక్కడ తొక్కుతారో తేలితే వడపోత సులువవుతుంది.

ఇప్పుడు ఆ వరసను ముక్క ముక్కగా చదువుదాం.

27.5టి అంటే చక్రం సైజు, అంగుళాల్లో. పెద్దవాళ్ల సైకిళ్లలో 26, 27.5, 28, 29, 700సి అనేవి కనిపిస్తాయి. వీటిలో ఒక చిక్కుంది. 26 అని రాసినవన్నీ ఒకటి కావు. మౌంటెన్ బైక్‌ల 26 టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు. సన్నటి టైర్లతో వచ్చే 26 x 1 3/8 సైకిళ్లకు అది 590. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. పేర్లు వేరైనా 29, 700సి మాత్రం ఒకే కొలత, 622. మన పాత 28 x 1 1/2 పెద్ద సైకిలుది 635. 27.5ది 584. అందుకే టైరు పక్కన అచ్చుపోసి ఉండే 57-584 లాంటి అంకెలో రెండో సగాన్ని నమ్మాలి. నెట్‌లో ఈ అంకె కనిపిస్తే రాసి పెట్టుకోండి. మీ ఊరి షాపులో ఆ కొలత టైరు, ట్యూబు ఎప్పుడూ ఉంటాయా అని అడగండి. పంక్చరు పడ్డ రోజున మీ సైకిల్ నడవడం, నడవకపోవడం దాని మీదే ఆధారపడుతుంది. గాలి కొట్టే వాల్ కూడా చూసుకోండి. మౌంటెన్ బైక్‌లకు సాధారణంగా మోటార్ సైకిల్‌కు ఉండేలాంటి వాల్ వస్తుంది, ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పడుతుంది. సన్నటి రోడ్ సైకిళ్లకు ప్రెస్టా వాల్ వస్తుంది. దానికి చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో లేకపోతే రోడ్డు పక్కన గాలి కొట్టించుకోలేరు.

18 అంగుళాల ఫ్రేమ్. నా దృష్టిలో ఆ వరస మొత్తంలో అన్నింటికన్నా ముఖ్యమైన అంకె ఇదే. ఎక్కువమంది చక్రం సైజునే సైకిల్ సైజు అనుకుంటారు. "మావాడికి 26 సరిపోతుందా?" అని అడుగుతారు. చక్రం 26 అయినా 29 అయినా, మీ ఒంటికి సరిపడాల్సింది ఫ్రేము. సీటు కింద నిలువు గొట్టం పొడవుతో ఫ్రేమును కొలుస్తారు. కంపెనీని బట్టి తేడాలున్నా, ఉజ్జాయింపుగా 5 అడుగుల 2 నుంచి 5 అడుగుల 5 అంగుళాల ఎత్తువాళ్లకు మౌంటెన్ బైక్‌లో 15-16 అంగుళాల ఫ్రేము, 5 అడుగుల 6 నుంచి 5 అడుగుల 10 దాకా 17-18, ఆపైన ఉన్నవాళ్లకు 19-20 సరిపోతాయి. తక్కువ ధర సైకిళ్లు చాలావరకు ఒకే ఫ్రేము సైజులో వస్తాయి. పేజీలో సైజు పట్టిక లేకపోతే కంపెనీ సొంత సైట్లో వెతకండి. అక్కడా లేకపోతే ఆ మోడల్‌ని పక్కన పెట్టేయడం మేలు.

ఎత్తుకన్నా కాలి పొడవు ఇంకా నమ్మకమైన కొలత. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని తొడల మధ్య, సీటు తగిలే చోట దాకా పైకి జరిపి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఇంట్లోవాళ్ల చేత సెంటీమీటర్లలో కొలిపించండి. సైకిల్ పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడినప్పుడు గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాలైనా ఖాళీ ఉండాలంటే, ఆ గొట్టం ఎత్తు మీ కొలత కన్నా అంత తక్కువ ఉండాలి. కంపెనీ పట్టికల్లో దీన్ని స్టాండోవర్ అంటారు. ఇదే కొలతను 0.883తో గుణిస్తే పెడల్ కమ్మీలు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు దాదాపుగా వస్తుంది. 76 సెంటీమీటర్ల కాలుకు అది 67. ఈ రెండు అంకెలు ఒక చీటీ మీద రాసుకుని షాపుకు వెళ్లండి.

21 స్పీడ్ అంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. మూడేళ్లు ఇరవై ఒకటి. అంటే ఇరవై ఒక్క రకాల వేగాలు అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఉన్నాయనుకోండి. 42ను వెనక 24తో కలిపితే పెడల్ ఒక చుట్టుకు చక్రం 1.75 చుట్లు తిరుగుతుంది. 34ను 20తో కలిపితే 1.70. 24ను 14తో కలిపితే 1.71. కాలికి మూడూ ఒకటే. ఇలా ఒకదాని మీద ఒకటి పడేవి చాలా ఉంటాయి. చూడాల్సింది రెండు కొసలు. ముందు 24, వెనక 28 అయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టుకన్నా తక్కువే తిరుగుతుంది, అంటే గట్టి ఎత్తయినా ఎక్కొచ్చు. ముందు 42, వెనక 14 అయితే మూడు చుట్లు. ఈ రెండు కొసల మధ్య మీ దారి ఇమిడిందంటే గేర్ల సంఖ్య ఏడైనా ఇరవై ఒకటైనా ఇబ్బంది లేదు. ముందు ఒకే పళ్ల చక్రం, వెనక ఏడెనిమిది గేర్లు ఉన్నవి కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలిక, చెడిపోయే వస్తువులూ తక్కువ.

డ్యూయల్ డిస్క్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. డిస్క్ బ్రేకులు రెండు రకాలు, కేబుల్‌తో పనిచేసేవి, ఆయిల్‌తో పనిచేసేవి. మంచి ఆయిల్ డిస్క్ వానలో కూడా చక్కగా పట్టుకుంటుంది. పది పన్నెండు వేల లోపు సైకిళ్లకు వచ్చేవి దాదాపుగా కేబుల్ డిస్కులే. వాటిలో నాసిరకానివి తరచూ బిగించాలి, పళ్లెం కొద్దిగా వంగినా కరకరమని రాసుకుంటాయి. ఆ ధరలో అల్లాయ్ రిమ్ము మీద పట్టే మంచి వి-బ్రేకులు తేలికగా ఉంటాయి, వాటి రబ్బర్లు ఏ షాపులోనైనా దొరుకుతాయి. నన్నడిగితే చవక డిస్కు కన్నా మంచి వి-బ్రేకునే తీసుకోమంటాను. ఇనుప రిమ్ము మీద రబ్బరు బ్రేకు మాత్రం వద్దు. వానలో తడిస్తే అది సరిగా పట్టదు.

ఫ్రంట్ సస్పెన్షన్ సంగతీ అంతే. తక్కువ ధరలో వచ్చేదానిలో ఉండేది వట్టి స్ప్రింగు. కుదుపును మింగి నెమ్మదిగా వదిలే ఏర్పాటు దానికి ఉండదు. ఎత్తు ఎక్కుతూ లేచి తొక్కితే మీ బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. పైగా బరువు. ఇనుప ఫ్రేము, సస్పెన్షన్, లావు టైర్లు కలిసిన గేర్ సైకిల్ 17, 18 కిలోల దాకా తూగుతుంది. అల్యూమినియం ఫ్రేము, గట్టి ఫోర్కు ఉన్న హైబ్రిడ్ 12 నుంచి 14 కిలోల మధ్య ఉంటుంది. లిఫ్టు లేని అపార్టుమెంటులో మూడో అంతస్తుకు రోజూ మోసేవాళ్లు ఈ తేడాను తప్పకుండా లెక్కలో వేసుకోవాలి.

చివరి ముక్క 85 శాతం అసెంబుల్డ్. ఇది వినడానికి చిన్నదే. ఇంటికి వచ్చే అట్టపెట్టెలో హ్యాండిలు, ముందు చక్రం, పెడల్స్, సీటు విడిగా ఉంటాయి, మిగిలిన 15 శాతం మీ పని. ప్రాణం మీదికి తెచ్చేవన్నీ ఆ 15 శాతంలోనే ఉన్నాయి. ఎడమ పెడల్‌కు మర తిరుగుడు వ్యతిరేక దిశలో ఉంటుంది. తెలియక కుడిదాన్ని ఎడమవైపు పెట్టి బలంగా బిగిస్తే క్రాంకులో మర అరిగిపోతుంది, తర్వాత క్రాంకే మార్చాలి. ఫోర్కును వెనక్కి తిప్పి బిగించేసినవాళ్లూ ఉంటారు. హ్యాండిలు బోల్టు వదులుగా ఉండిపోతే తొక్కుతుండగా హ్యాండిలు తిరిగి, ముందు చక్రం తిన్నగానే పోతుంది. కాబట్టి పెట్టెలో వచ్చిన సైకిల్‌ను ఎటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఆ బిగింపు కూలి, విడిగా కొనే స్టాండు, మడ్‌గార్డు, బెల్లు, తాళం ఖర్చు కలుపుకుంటే నెట్ ధరకూ షాపు ధరకూ ఉన్న తేడా చాలాసార్లు కరిగిపోతుంది.

అభిప్రాయాలు చదివేటప్పుడు తేదీ చూడండి. "డెలివరీ త్వరగా వచ్చింది, రంగు బాగుంది" అని పెట్టె విప్పిన రోజు రాసింది సైకిల్ గురించి ఏమీ చెప్పదు. ఆరు నెలలు తొక్కి రాసినవాటి కోసం వెతకండి. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు సాధారణంగా మంచీ చెడూ రెండూ రాస్తారు. ఒకే లోపం, పుల్లలు తెగడమో పెడల్ దగ్గర శబ్దమో, వేర్వేరు ఊళ్ల వాళ్లు చెబుతుంటే అది ఆ మోడల్ లోపమే. యూట్యూబ్ వీడియోల్లో పైన ప్రకటన అన్న గుర్తు ఉందేమో గమనించండి. ఉన్నా చూడొచ్చు, తీర్పు మాత్రం మీది.

ధర చూసేటప్పుడు ఇంకో విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాసిన వ్యాసాల్లో, తీసిన వీడియోల్లో కనిపించే ధరలు పాతవి. వాటిని పట్టుకుని షాపులో వాదనకు దిగకండి.

పేరున్న కంపెనీ అయితే చాలు కదా అనుకోవడం సహజం. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ల హెర్క్యులిస్, బీఎస్ఏ, 1956లో లుధియానాలో మొదలైన హీరో, ఇవన్నీ మన ఇళ్లలో తిరిగిన పేర్లే. అట్లాస్ కూడా అంతే పేరున్నది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని దాని ఫ్యాక్టరీ మూతపడింది. అయినా పాత అట్లాస్ సైకిళ్లు ఆగిపోలేదు. ఆ తరహా పెద్ద సైకిళ్ల చైను, ఫ్రీవీల్, బాల్సు, పెడల్ ఏ కంపెనీవైనా ఒకదానికొకటి సరిపోతాయి. ఇప్పటి గేర్ సైకిళ్లకు ఆ సౌకర్యం పూర్తిగా లేదు. వెనక గేరు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. సైకిల్ కుడివైపుకు పడితే ముందు వంగేది అదే. అల్యూమినియం ఫ్రేముల్లో అది మోడల్‌కొక ఆకారంలో ఉంటుంది. అది దొరక్క మంచి సైకిల్ వారాల తరబడి మూల పడుతుంది. కొనేటప్పుడే ఒక హ్యాంగర్ అదనంగా తెప్పించమని షాపులో అడగండి. మీ మోడల్‌కు ఏది సరిపోతుందో చెప్పగలిగారంటే ఆ షాపువాళ్లకు పని తెలుసునని అర్థం.

ఇక షాపు. రెండు మూడు మోడళ్ల పేర్లు, మీ కాలి కొలత రాసిన చీటీతో వెళ్లండి. పనిరోజు మధ్యాహ్నం వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. హైదరాబాద్‌లో కోఠి దగ్గర ఇసామియా బజార్ లాంటి చోట వరసగా షాపులు ఉంటాయి కాబట్టి నాలుగు మెట్లెక్కి చూడొచ్చు. చిన్న ఊళ్లో ఒకటే షాపున్నా ఫర్వాలేదు, లేని మోడల్‌ను చాలామంది తెప్పించి ఇస్తారు.

సైకిల్‌ను బయటికి తీయించండి. ముందు చక్రాన్ని కొద్దిగా లేపి తిప్పి, బ్రేకు రబ్బర్ల మధ్య రిమ్ము ఎలా తిరుగుతోందో కంటితో చూడండి. ఒక పక్కకు ఊగుతుంటే బెండు ఉన్నట్టు. అక్కడికక్కడే బెండు తీసి ఇమ్మనండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి హ్యాండిలును ముందుకూ వెనక్కూ ఊపండి, మెడ దగ్గర టకటకమంటే అక్కడ వదులుంది. క్రాంకును పట్టుకుని పక్కకు లాగి చూడండి, కదలకూడదు. బ్రేకు పూర్తిగా నొక్కినా లీవరు హ్యాండిలు గ్రిప్పుకు తగలకూడదు. పక్కపక్కన ఉన్న పుల్లలను రెండేసి వేళ్లతో నొక్కుతూ చక్రం చుట్టూ రండి, ఎక్కడైనా మరీ వదులుగా అనిపిస్తే చెప్పండి. తర్వాత సీటును మీ లెక్క ప్రకారం సరిచేయించండి. పైకి లాగినప్పుడు సీటు గొట్టం మీద గీసిన హద్దు గీత బయటపడితే ఆ ఫ్రేము మీకు చిన్నదన్నమాట. ఎక్కి, మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు కాలు తిన్నగా సాగాలి. చుట్టూ ఒక వీధి తిరిగి రండి. అన్ని గేర్లూ వేయండి. మోచేతులు బిగుసుకుపోకుండా, నడుము లాగకుండా ఉందా అన్నది ఆ ఒక్క చుట్టులోనే తెలిసిపోతుంది.

పిల్లల సైకిల్ విషయంలో తల్లిదండ్రులకు ఒక మనవి. ఎదిగే పిల్లాడని ఒక సైజు పెద్దది కొనకండి. చొక్కా వదులైతే చేతులు మడిచి వేసుకోవచ్చు. సైకిల్ పెద్దదైతే కాలు నేలకు అందదు, బ్రేకు లీవరుకు వేళ్లు చాలవు, వాడు పడతాడు. ఒకటి రెండు సార్లు గట్టిగా పడ్డ పిల్లలు సైకిలంటేనే భయపడి వదిలేస్తారు. 16, 20, 24 అంగుళాల చక్రాలన్నవి వయసు లెక్కలే తప్ప పిల్లల ఒంటి కొలతలు కావు. అందుకే పిల్లాణ్ని వెంట తీసుకెళ్లండి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగం నేలకు ఆనాలి. చిన్నదైపోయాక చెల్లికో తమ్ముడికో పక్కింటివాళ్లకో ఇచ్చేయొచ్చు.

బేరం దగ్గర దాపరికం అక్కర్లేదు. "అన్నా, ఈ మోడల్ నెట్‌లో ఇంతకు చూపిస్తోంది. బిగించి, స్టాండూ మడ్‌గార్డులూ వేసి మీరెంతకిస్తారు?" అని సూటిగా అడగండి. ధర తగ్గించలేనివాళ్లు బెల్లు, తాళం, రెండు సర్వీసులు కలిపి ఇస్తారు. అదీ డబ్బే. ఒక్క పని మాత్రం చేయకండి. షాపులో గంటసేపు నాలుగు సైకిళ్లు దింపించి, ఎక్కి చూసి, సీటు సరిచేయించుకుని, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం న్యాయం కాదు. ఆ గంట వాళ్ల బతుకుతెరువు. అలాంటి షాపులు మూతపడితే రేపు బెండు తీసే చెయ్యి, ఫ్రీవీల్ విప్పే పానా మనకు దగ్గర్లో దొరకవు.

డబ్బు ఇచ్చేముందు బిల్లు అడగండి. క్రాంకు ఇరుసు కింద గానీ సీటు గొట్టం మీద గానీ ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది. అది బిల్లు మీద రాయించండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. సైకిల్ పోతే పోలీసులకు చూపడానికి మీ దగ్గరుండే గట్టి ఆధారం అదే. వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించుకోండి. ముందూ వెనకా రిఫ్లెక్టర్లు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే పెట్టించండి. కొన్న తర్వాత పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

కొత్త సైకిల్‌లో మొదటి నెల పుల్లలు సర్దుకుంటాయి, బ్రేకు, గేరు కేబుళ్లు సాగుతాయి. ఇది లోపం కాదు, అన్ని సైకిళ్లకూ జరిగేదే. నెల తిరగ్గానే మళ్లీ షాపుకు తీసుకెళ్లి మొదటి సర్వీసు తప్పకుండా చేయించండి. అది మానేసిన సైకిళ్లకే ఏడాది తిరక్కుండా రిమ్ములు వంకరపోయి పుల్లలు తెగుతాయి.